రిమోటు కంటికి తీగ కట్టే విధానం



ఈ పూట ఎరువులను గురించిగాని చీడపీడలను గురించిగాని చెప్పబోవడం లేదు. గోడకు బిగించిన ఒక చిన్న పెట్టెను గురించి ముచ్చటిస్తాను. ఈ మధ్య కోళ్ళ షెడ్డులో చూసినా, పట్టుపురుగుల గదిలో చూసినా, పుట్టగొడుగుల గదిలో చూసినా రిమోటుతో నడిచే ఫ్యాన్లూ, రిమోటు స్విచ్చి పెట్టెలూ కనబడుతున్నవి. సౌకర్యమే, కాదనను. అయితే రిమోటును నొక్కడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా! తలుపు దగ్గర ఒక మామూలు మీట పెట్టుకొని, లేదా ఒక గడియారపు స్విచ్చి తగిలించి, ఆ పెట్టె చేత పని చేయించుకోగలమా? చేయించుకోవచ్చును. కాని చేసే పద్ధతిలో ప్రాణానికి ముప్పు తెచ్చే తప్పొకటి ఉన్నది. ఆ తప్పును నేనే చేయబోయి తప్పించుకున్నాను. అందుకే ఈ మాటలు.

నేను హైదర్‌గూడలో అద్దెకు ఉంటున్నాను. అటు నారాయణగూడ, ఇటు బషీర్‌బాగ్. చుట్టూ మేడలే. ఇక్కడ సేద్యమేమిటని నవ్వకండి. మా ఇంటి యజమానురాలిని మేమందరం పెద్దమ్మగారని పిలుస్తాము. ఆమె మేడమీది గదిలో గడ్డి సంచులు వేలాడదీసి పుట్టగొడుగులు పెంచుతున్నారు. చలికాలంలో ముత్యపుచిప్ప రకం, ఎండలు ముదిరితే పాల పుట్టగొడుగు. ఆ గదిలో గాలి తేమ నూటికి 80, 85 పాళ్ళు ఉండవలెను. అందుచేత నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పుట్టగొడుగు కూడా మనలాగే ఊపిరి పీల్చి బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. అది గదిలో నిండిపోతే కాడలు సాగిపోయి గొడుగులు చిన్నవై అమ్మకానికి పనికిరావు. పోనీ ఫ్యాను అదేపనిగా తిప్పుదామంటే తేమ పోయి మొగ్గలు ఎండిపోతాయి. కాబట్టి కాసేపు తిప్పడం, కాసేపు ఆపడం, పగలూ రాత్రీ ఇదే పని.

ఫ్యానుకూ, తుంపర మోటారుకూ కలిపి ఒక రిమోటు స్విచ్చి పెట్టె పెట్టించారు. తడిచేతులతో నొక్కీ నొక్కీ రిమోటు మీటలు మొద్దుబారాయి. రెండుసార్లు అది గడ్డిలో పడి కనబడకుండా పోయింది. రాత్రి రెండుగంటలకు లేచి నొక్కేదెవరు? ఒకనాడు ఆమె నన్ను పిలిచి, "బాబూ, నీవు పల్లెలు తిరిగి రైతులకు ఎన్నో చెబుతావు. ఈ పెట్టెకు తలుపు దగ్గర ఒక మీటా, ఒక గడియారమూ తగిలించరాదూ?" అన్నారు. సరేనన్నాను. నేను చదివిన డిప్లొమాలో పంటల పాఠాలేగాని తీగల పాఠాలు లేవు. అయినా, మూడు కాళ్ళ చిన్న ముక్కే కదా అనుకున్నాను.

ముందు ఆ మూడు కాళ్ళ ముక్క సంగతి చెబుతాను. దానినే మనం కన్ను అందాము. రిమోటు ముందుభాగాన ఒక చిన్న దీపం ఉంటుంది. దాని వెలుతురు మన కళ్ళకు కనబడదు. 1800వ సంవత్సరంలో విలియం హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఏ రంగులో వేడి ఎంతో ఉష్ణమాపకంతో చూస్తూ, ఎరుపు దాటిన తరువాత ఏమీ కనబడనిచోట పెట్టి చూశాడు. వేడి అక్కడ ఇంకా ఎక్కువగా ఉన్నది! ఆ కనబడని కిరణాలే పరారుణ కిరణాలు. మన రిమోటు దీపం ఇచ్చేది ఆ జాతి వెలుతురే. ఫోనులో మన వైపుకు తిరిగి ఉండే కెమెరాకు ఎదురుగా రిమోటును పెట్టి నొక్కితే, చాలా ఫోన్లలో ఆ దీపం మినుకు మినుకుమనడం కనబడుతుంది. రిమోటు బాగున్నదో లేదో చూడడానికి ఇదొక సులువైన పరీక్ష.

అయితే ఎండలోనూ, పొయ్యి సెగలోనూ కూడా పరారుణం ఉన్నది కదా! పెట్టె ఎందుకు తికమకపడదు? మన ఊళ్ళో టముకు వేసేవాణ్ణి తలచుకోండి. సంతలో ఎంత గోల ఉన్నా టముకు దరువు వేరే వినబడుతుంది. రిమోటు దీపం కూడా ఊరికే వెలగదు. సెకనుకు సుమారు 38 వేలసార్లు వెలిగి ఆరుతూ దరువు వేస్తుంది. కన్ను ఆ దరువును మాత్రమే పట్టించుకొని మిగతా వెలుతురును వదిలేస్తుంది. ఇక సందేశం ఎక్కడున్నది? దరువు ఎంతసేపు మోగింది, ఎంతసేపు ఆగింది అన్నదానిలో ఉన్నది. ఎన్.ఈ.సి. అనే వాడుక పద్ధతిలో మొదట 9 మిల్లీ సెకన్ల దరువు, 4.5 మిల్లీ సెకన్ల మౌనం, ఆ తరువాత 32 చిన్న గుర్తులు ఉంటాయి. ఫలానా పెట్టె, ఫలానా మీట అని ఆ గుర్తులే చెబుతాయి.

కన్ను ఆ దరువును తీసివేసి, మోగింది, ఆగింది అన్న మాట మాత్రమే లోపలి బుర్రకు చేరవేస్తుంది. దాని మూడు కాళ్ళలో ఒకటి కరెంటు కాలు, ఒకటి నేల కాలు, మూడవది మాట కాలు. ఎవరూ పిలవనప్పుడు మాట కాలి మీద 5 ఓల్టులో, పెట్టెనుబట్టి 3.3 ఓల్టులో నిలిచి ఉంటాయి. దరువు వినబడగానే అది సున్నకు దిగుతుంది. తూము తలుపు ఎత్తగానే మడిలో నీరు దిగిపోయినట్లన్నమాట. కాబట్టి ఆ కాలిని మనమే తగిన లెక్క ప్రకారం సున్నకు దించితే, రిమోటు నొక్కినారనే పెట్టె అనుకుంటుంది. కంటికి తీగ కట్టడమంటే ఇంతే.

నేను చేయబోయిన తప్పు ఇక్కడే ఉన్నది. కంటి నేల కాలికి ఒక తీగ, మాట కాలికి ఒక తీగ టంకం వేసి, తలుపు దగ్గరికి లాగి, అక్కడ గుర్తులు పంపే చిన్న బోర్డూ మీటా పెడదామనుకున్నాను. అయిదు ఓల్టులే కదా, చీమ కుట్టినంత కూడా ఉండదనుకున్నాను. తీగలు లాగడం అయింది. కరెంటు వేసి, చేయి పెట్టబోయేముందు, తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ చెప్పిన అలవాటు ప్రకారం టెస్టరు ఆనించాను. తలుపు దగ్గరి తీగ కొసన టెస్టరు ఎర్రగా వెలిగింది! పెద్దమ్మగారు ప్రతి తెల్లవారీ వట్టికాళ్ళతో తడినేల మీద నిలబడి ఆ తలుపు తీస్తారు. నా గుండె ఝల్లుమన్నది.

ఇది ఎట్లా జరిగింది? ఇటువంటి పెట్టెలు అనేకం ట్రాన్స్‌ఫార్మరు లేకుండానే 230 ఓల్టులను ఒక కెపాసిటరు ద్వారా తగ్గించుకుంటాయి. ఖర్చు తక్కువ, చోటు తక్కువ. కాని ఇంటి లైనుకూ లోపలి బోర్డుకూ మధ్య తెగతెంపు ఉండదు. పిట్ట కరెంటు తీగ మీద హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్ళ మధ్య తేడా లేదు కాబట్టి దానికి బాధ లేదు. అదే పిట్ట ఇంకో కాలు నేలకు ఆనిస్తే? ఈ బోర్డు కూడా ఆ పిట్టవంటిదే. కరెంటు కాలికీ నేల కాలికీ మధ్య చూస్తే 5 ఓల్టులే. కాని ఆ రెండూ కలిసి భూమి మీద నిలబడినవారికి 230 ఓల్టుల ఎత్తున ఉండవచ్చును. నేల కాలు అన్న పేరు చూసి మోసపోరాదు. తాడనుకొని పామును పట్టినట్లే అవుతుంది.

రిమోటు వాడినంతకాలం ఈ భయం ఎందుకు లేదు? మన చేతికీ పెట్టెకూ మధ్య వెలుతురు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి. కరెంటు వెలుతురు వెంట నడిచిరాదు. సౌకర్యం కోసం పెట్టిన రిమోటు మనకు తెలియకుండానే కాపలా కూడా కాస్తున్నది. తీగ లాగి ఆ కాపలాను మనమే తీసివేశాము. కాబట్టి ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: తీగను ఎంతదూరమైనా తీసుకురండి, కాని చివరకు తీగకూ పెట్టెకూ మధ్య వెలుతురును ఉంచండి.

అసలు మొట్టమొదటి టెలివిజన్ రిమోటుకు తీగే ఉండేది. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో తెచ్చిన రిమోటును తీగతో పెట్టెకు కట్టారు. జనం ఆ తీగకు తట్టుకుంటూ ఉంటే 1955లో వెలుతురుతో, 1956లో చెవికి అందని ధ్వనితో పనిచేసే రిమోటులను ఆ కంపెనీయే తెచ్చింది. పరారుణ రిమోటులు ఆ తరువాత వచ్చినవి. తీగను వదిలించుకోవడానికి వాళ్ళు అంత శ్రమపడ్డారు. ఇప్పుడు మనం మళ్ళీ తీగ కోరుతున్నామంటే మన అవసరం వేరు. అవసరం వేరయినప్పుడు జాగ్రత్త కూడా వేరుగా ఉండవలెను.

ఇక మార్గాలు చెబుతాను. మూడున్నవి.

మొదటిది అందరూ చేసుకోదగినది. పెట్టెను ముట్టుకోనే వద్దు. రిమోటునే విప్పండి. ఏ మీట కావాలో దాని కింద రెండు రాగి మెరకలు కనబడతాయి. మీట నొక్కితే ఆ రెండూ కలుస్తాయి. ఆ రెండింటికీ రెండు సన్నని తీగలు టంకం వేసి బయటకు తెచ్చి, కాలింగ్ బెల్లు మీటవంటి పెద్ద మీటకు కలపండి. రిమోటును పెట్టె కన్నుకు ఎదురుగా గోడకు బిగించి, తేమ తగలకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తీగలో ఉండేది రెండు సెల్లుల 3 ఓల్టులే. దానికి ఇంటి లైనుతో సంబంధం లేదు. మధ్యలో వెలుతురు అట్లాగే ఉన్నది.

రెండవది, గదిలో పొగమంచులాగా తుంపర పట్టి వెలుతురు సరిగా అందనప్పుడు పనికివస్తుంది. రిమోటును తలుపు బయట పొడిచోటనే ఉంచి, దాని దీపాన్ని మాత్రం ఊడదీసి, మెలివేసిన రెండు పోగుల తీగ కొసన పెట్టి, పెట్టె కన్నుకు ఒక సెంటీమీటరు దూరంలో బిగించండి. దీపానికి పొడుగు కాలు, పొట్టి కాలు ఉంటాయి. ఊడదీసేముందు ఏది ఎక్కడున్నదో గుర్తుపెట్టుకోండి, తారుమారైతే వెలగదు. దీపాన్ని పెట్టె బయటి ముఖానికే అంటించాలి, లోపలికి దూర్చరాదు. పైన నల్ల టేపు వేస్తే ఎండా, ట్యూబులైటూ కన్నును కలవరపెట్టవు. ఈ తీగను కరెంటు వైర్ల పక్కన పెట్టి కట్టకండి, జానెడు దూరంగా పోనివ్వండి. పది పదిహేను మీటర్ల దూరానికి ఇది చక్కగా పనిచేస్తుంది. మేడమీది గదిలో చివరకు నేను స్థిరపరచినది ఈ పద్ధతే. సీలింగు ఫ్యానుకు మాత్రం ఇది వద్దు. రెక్కల దగ్గరికి ఏ తీగా పోరాదు. దానికి మొదటి పద్ధతే మంచిది.

మూడవది పెట్టెను విప్పి కన్ను పక్కనే తీగను చేర్చడం. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. ఇక్కడ ఆప్టోకప్లర్ అనే నాలుగు కాళ్ళ ముక్క వాడవలెను. పీసీ 817 అనే రకం ప్రసిద్ధమైనది. హైదర్‌గూడ నుంచి కోఠీ ఎంతో దూరం లేదు. అక్కడి గుజరాతీ గల్లీలో ఇటువంటి విడిముక్కలు దొరుకుతాయి. ఈ ముక్క కడుపులో ఒకవైపు పరారుణ దీపమూ, ఇంకోవైపు దానిని చూసే కన్నూ ఉన్నవి. అనగా అది చిన్న డబ్బాలో ఇమిడిన ఒక రిమోటే! రెండు పక్కల మధ్య 5,000 ఓల్టులను ఆపగల కట్టడి దానికి ఉన్నది. దీపం వైపు మన తీగకు, 5 ఓల్టులకైతే 470 ఓముల నిరోధకంతో కలపాలి. కన్ను వైపు కలెక్టరు కాలును పాతకంటి మాట కాలికి, ఎమిటరు కాలును దాని నేల కాలికి కలపాలి. పాత కన్ను ఉండనే ఉంటుంది కాబట్టి రిమోటూ పనిచేస్తుంది, తీగా పనిచేస్తుంది.

ఇందులో మూడు మెలకువలు. ఒకటి, కళ్ళన్నీ ఒకటి కావు. టీసాప్ 1738 రకంలో కాళ్ళ వరుస నేల, కరెంటు, మాట. వీఎస్ 1838బీ రకంలో మాట, నేల, కరెంటు. చూడడానికి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. పేరు చూడకుండా టంకం వేయరాదు. రెండు, ఈ దారిలో 38 వేల దరువు పంపరాదు. దరువును తీసివేయడం కన్ను పని. మనం కన్నును దాటి లోపలికి వెళుతున్నాము కాబట్టి మోగింది, ఆగింది అన్న మాటే పంపాలి. రిమోటు దీపపు తీగలను తెచ్చి ఇక్కడ కలిపితే బుర్రకు గోల తప్ప మాట అర్థం కాదు. గుర్తులను దరువు లేకుండా పంపడానికి చిన్న ప్రోగ్రాము బోర్డు కావలెను. మూడు, బోర్డు మీద ఆప్టోకప్లర్‌కు ఒక పక్క వైర్లు రెండవ పక్కకు ఎక్కడా దగ్గర కారాదు, ఎనిమిది మిల్లీమీటర్లయినా ఎడం ఉండాలి. కట్టడిని మధ్యలో పెట్టి, పక్కనుంచి తీగను దూర్చితే కంచె వేసి గేటు తెరిచిపెట్టినట్లు అవుతుంది.

ఇక గడియారం సంగతి. గడియారపు స్విచ్చి తెచ్చి రిమోటు మీట తీగలకు కలపగానే పని అయిపోదు. ఆ స్విచ్చి పది నిమిషాలు కలిపే ఉంచుతుంది. రిమోటుకు కావలసినది అరసెకను నొక్కు మాత్రమే. పది నిమిషాలు నొక్కిపట్టితే అది వెనుకటి ఆజ్ఞనే వల్లిస్తూ ఉంటుంది, సెల్లులు అయిపోతాయి. కాబట్టి మొదట ఒక నొక్కు, చివర ఒక నొక్కు ఇచ్చే పరికరం కావాలని అడిగి కొనండి. మరొక చిక్కు కూడా ఉన్నది. అనేక పెట్టెలలో ఒకే మీట ఫ్యానును వేస్తుంది, ఆపుతుంది. మధ్యలో ఎవరైనా చేత్తో ఒకసారి నొక్కితే ఇక అంతా తలకిందులు. గడియారం వేయాలనుకున్నప్పుడు ఆగుతుంది, ఆపాలనుకున్నప్పుడు తిరుగుతుంది. అందుచేత వేసే మీట, ఆపే మీట వేరువేరుగా ఉన్న పెట్టెనే ఎంచుకోండి. కొన్నింటిలో వేగపు అంకె నొక్కితే ఆగిన ఫ్యాను కూడా తిరుగుతుంది. మీదానిలో ఎట్లా ఉన్నదో చేత్తో పరీక్షించండి. మెయిను తీసి మళ్ళీ వేసి, కరెంటు పోయివచ్చినప్పుడు పెట్టె ఏ స్థితిలో లేస్తుందో అదీ చూడండి.

"ఇంత తతంగమెందుకు? ఫ్యాను వైరుకే గడియారపు స్విచ్చి పెడితే పోదా?" అని మీరు అడగవచ్చును. మంచి ప్రశ్నే. మీ ఫ్యాను మామూలు ఫ్యాను అయితే అదే ఉత్తమం. రిమోటు ఫ్యానయినా, కరెంటు రాగానే తనంతట తానే తిరిగేదయితే అదే చేయించండి. ఉన్న పెట్టె అట్లా లేవనప్పుడు, వేగాలు మార్చవలసివచ్చినప్పుడు మాత్రమే ఈ తీగ పని పెట్టుకోండి. పెట్టెను విప్పితే కంపెనీ గ్యారంటీ పోతుందన్నది కూడా మరవకండి. బోరు మోటారు స్టార్టరుకు మాత్రం ఇందులో ఏ పద్ధతీ వాడరాదు. అది వేరే వ్యవహారం.

విస్తరణ మిత్రులకు ఒక మనవి. రైతు ఇంట ఇటువంటి తీగ కనబడితే మెచ్చుకొని వచ్చేయకండి. అయిదు సంగతులు చూడండి. తీగ పెట్టె లోపలికి వెళుతున్నదా? వెళితే మధ్యలో ఆప్టోకప్లర్ ఉన్నదా? తడిచోట్ల మీటకు ప్లాస్టిక్ మూత ఉన్నదా? ఇంటికి సరైన ఎర్తింగూ, 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. రక్షణ స్విచ్చీ ఉన్నవా? మెయిను ఎక్కడున్నదో ఇంట్లో పిల్లలకు సహితం తెలుసునా? టెస్టరు వెలిగితే వెంటనే మెయిను తీయించండి. వెలగనంత మాత్రాన ధైర్యం చెప్పకండి. టెస్టరు ఒక్కొక్కప్పుడు అబద్ధమాడుతుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు.

ఇప్పుడు మేడమీది గదిలో గంటకొకసారి పది నిమిషాలు ఫ్యాను తిరుగుతున్నది. గడియారం తన పని తాను చేస్తున్నదో లేదో తీగ మనకు తిరిగి చెప్పదు. అది పంపే మాటేగాని వచ్చే మాట కాదు. అందుకని పెద్దమ్మగారు ఫ్యాను ఎదుట దారంతో ఒక కాగితపు పట్టీ కట్టారు. కిటికీ అద్దంలోనుంచి చూస్తే అది ఊగుతున్నదో, వేలాడుతున్నదో తెలిసిపోతుంది. ఆ ఉపాయం నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. మీరూ ఒక కాగితపు పట్టీ కట్టుకోండి. తలుపు దగ్గర మీటను మాత్రం నిర్భయంగా నొక్కగలిగేటట్లు ముందే చూసుకోండి.